చలి బయలుపరచినది

ధ్యానభాగము: యోహాను సువార్త 18:15–27, 21:1–17



ప్రధానయాజకుని లోగిలిలో పేతురు తన ప్రభువును ఎరుగనని బొంకిన రాత్రిని గూర్చి నలుగురు సువార్తికులును వ్రాసియున్నారు. అక్కడ నిప్పు ఎందుకు రాజవేయబడెనో కారణము చెప్పినవాడు మాత్రము యోహాను ఒక్కడే. ఆ రాత్రి చలిగా నుండెనట. నేను అనేక సంవత్సరములు ఆ మాటను చూచియు చూడనట్లే దాటిపోయితిని. చలి యున్ననేమి, లేకున్ననేమి, పేతురు చేసిన పని మారునా అని తలంచుచుంటిని. ఒక డిసెంబరు తెల్లవారుజామున నా కారు కదలక నిలిచిపోయిన నాటినుండి ఆ మాట నన్ను విడువలేదు.

యెరూషలేము సముద్రమట్టమునకు సుమారు 750 మీటర్ల ఎత్తున నున్న పట్టణము. పస్కా పండుగ దినములలో పగలు వెచ్చగానే యుండును గాని, మబ్బు లేని రాత్రి వేకువజామునకు ఒడలు వణకును. మన శంషాబాదు విమానాశ్రయమును సుమారు 600 మీటర్ల ఎత్తున, చుట్టును బయలుగల నేలమీద నున్నది. బస్తీలో ఇండ్లును రోడ్లును పగటి వేడిని రాత్రి కొంత దాచుకొనును. ఇచ్చట దాచుకొనువారు లేరు. హిమాయత్ సాగరు వైపునుండి మంచు దిగినప్పుడు వేకువను రాళ్లగూడ దారిలో ఎదురుగా వచ్చు లారీ దీపములు కూడ కనబడవు. అయినను ఇది గొప్ప చలి కాదు. బేగంపేటలో నమోదైన మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదియు 1946 జనవరిలో. సాధారణముగా మన చలి 10, 12 డిగ్రీల దగ్గర ఆగిపోవును. ఉత్తరాది వారు విని నవ్వుదురు.

నేను చెప్పబోవునది జరిగి కొన్ని సంవత్సరములైనది. క్రిస్మసు పండుగకు ముందు వారము. రాత్రి పదకొండు గంటలకు జగిత్యాల ప్రాంతమునుండి ఒక కాపరి నాకు ఫోను చేసెను. ఆయన సంఘములోని ఒక యౌవనస్థుడు గల్ఫు దేశములో కూలిపని చేయుచు నిద్రలోనే కన్నుమూసెను. మూడు వారములు కాగితములు తిరిగిన పిమ్మట అతని శవపేటిక ఆ తెల్లవారుజామున శంషాబాదుకు వచ్చుచున్నది. తల్లియు భార్యయు మరి ఇద్దరు బంధువులును జీపులో బయలుదేరిరి. “అయ్యగారూ, వాళ్లకు అక్కడ ఎవరూ తెలియదు. మీరు ఐదు గంటలకల్లా కార్గో కాడికి వెళ్లి వాళ్ల పక్కన నిలబడండి, అంతే చాలు” అని ఆయన వేడుకొనెను. తప్పక వెళ్లెదనని మాట యిచ్చితిని.

2008 మార్చిలో ఈ విమానాశ్రయము తెరువబడినది మొదలు మన యూరి ముఖము మారినది. మనలో అనేకులకు తెలిసినది ప్రయాణికుల ద్వారము. అక్కడ పూలదండలును, ఫొటోలును, ఏడ్చుచు నవ్వుచు కౌగిలించుకొను బంధువులును ఉందురు. సరకులు దిగు వైపు వేరుగా నున్నది. జగిత్యాల, నిజామాబాదు, కరీంనగరు, నిర్మల్ ప్రాంతముల కుటుంబములకు ఆ వైపు తెలియును. మరణ ధ్రువపత్రము, రాయబార కార్యాలయపు కాగితము, రద్దు చేయబడిన పాస్‌పోర్టు చేతబట్టుకొని, తెల్లవారకముందే అంబులెన్సుల నడుమ నిలిచి యెదురుచూచు స్థలమది. అట్టిచోట పక్కన నిలుచుటకు ఒక మనిషి కావలెను. ఆ మనిషిని నేనని మాట యిచ్చి పండుకొంటిని.

వేకువ నాలుగున్నరకు కారులో కూర్చుండి తాళపుచెవి త్రిప్పితిని. ఇంజను ముసలివాడు మంచము మీదనుండి లేచునట్లు ఒకమారు మూలిగి ఆగెను. రెండవమారు ఇంకను మెల్లగా మూలిగెను. మూడవమారు టక్కుటక్కుమను చప్పుడు తప్ప మరేమియు లేదు. ముందరి దీపములు దీపావళి మరునాటి ప్రమిదలవలె మసకబారెను. అయినను నేను మానక త్రిప్పుచునే యుంటిని. ఫోనులో టాక్సీ కొరకు వెదకితిని. ఒకటి ఒప్పుకొని, అయిదు నిమిషములకు రద్దు చేసికొనెను. గంట నాలుగు నలుబది అయినది.

మా యింటికి ఎదురుగా నుండు సహోదరుడు విమానాశ్రయమునకు టాక్సీ నడుపువాడు. ఆయన బండిలో జంపర్ కేబుళ్లు ఎల్లప్పుడు నుండునని నాకు తెలియును. తెలిసియు నా కాలు కదలలేదు. ఏలయనగా రెండు సంవత్సరములనుండి మాకు మాటలు లేవు. ఒక ఆదివారమున ఆయన తన కారును మన మందిరపు గేటుకు అడ్డముగా నిలిపెను. కొంచెము పక్కకు తీయుడని అడిగినయెడల తీసియుండును. నేనట్లు అడుగలేదు. ఆరాధనకు వచ్చు పదిమంది యెదుట, “రోడ్డు మీ సొంతమా?” అని గొంతు చించుకొని అరచితిని. ఆయనయు ఊరకుండలేదు. ఆ దినముననే వెళ్లి మాటలాడినయెడల అయిపోయెడిది. వెళ్లలేదు. వారము గడచిన తరువాత వెళ్లుట సిగ్గుగా తోచినది. నెల గడచిన తరువాత అవసరము లేదని తోచినది. ఆ పిమ్మట వీధిలో ఎదురుపడినప్పుడు ఫోను చూచుకొనుచు పోవుట నాకు అలవాటైనది.

ఇంకొక సంగతి దాచక చెప్పవలెను. ఆ రెండు సంవత్సరములలో ఎఫెసీయులకు వ్రాయబడిన పత్రిక నాలుగవ అధ్యాయము మీద నేను రెండుమార్లు ప్రసంగించితిని. పొద్దు గ్రుంకకమునుపే కోపమును విడిచిపెట్టవలెనని ఆ అధ్యాయములోనే గదా అపొస్తలుడు బోధించుచున్నాడు! ప్రసంగము బాగుగా నున్నదని సంఘపెద్దలు మెచ్చుకొనిరి కూడ.

ఆ వేకువను నేను రోడ్డు దాటి ఆయన గేటు ముందు నిలిచితిని. తలుపు తట్టుటకు చెయ్యి లేవలేదు. అర్ధరాత్రి రొట్టెల కొరకు స్నేహితుని తలుపు తట్టిన మనుష్యుని కథ లూకా సువార్తలో నున్నది. అతడు తట్టుటకు సిగ్గుపడలేదు. నాకు అతని ధైర్యము లేదు, ఏలయనగా లోపలనున్నవాడు నా స్నేహితుడు కాడు, అట్లు చేసికొన్నవాడను నేనే. ఎంతసేపు నిలిచితినో తెలియదు. లోపల దీపము వెలిగెను. ఆయన చెవులకు మఫ్లరు చుట్టుకొని, చేతిలో కేబుళ్ల చుట్టతో బయటకు వచ్చెను.

“సెల్ఫ్ తీస్కుంటలేదా?” అని మాత్రమే అడిగెను.

లేదంటిని.

“ఇగ కొట్టకుండ్రి. ఊకె కొడితే ఉన్నది గూడ పోతది.”

ఆయన తన కారును తెచ్చి నా కారునకు ఎదురుగా నిలిపెను. ఎఱ్ఱ తీగె నా బ్యాటరీకిని తన బ్యాటరీకిని తగిలించెను. నల్లతీగె ఒక కొనను తన బ్యాటరీకి తగిలించి, రెండవ కొనను నా బ్యాటరీకి తగిలింపక, దూరముగా ఇంజను ఇనుము మీద పట్టించెను. బ్యాటరీనుండి మండు స్వభావముగల గాలి వెలువడుననియు, చివరి ముడి వేయునప్పుడు ఎగయు నిప్పురవ్వ దానికి తగులరాదనియు తరువాత తెలిసికొంటిని. కొన్ని నిమిషములు తన ఇంజనును నడువనిచ్చి, ఇప్పుడు త్రిప్పుమనెను. త్రిప్పితిని. ఇంజను లేచెను.

“గింత పొద్దుగాల ఎటు పోతున్నరు?” అని తీగెలు విప్పుచు అడిగెను. సంగతి చెప్పితిని. ఆయన కొంతసేపు ఏమియు పలుకలేదు. పిమ్మట, “కార్గో కాడ ఇంజను బంద్ చెయ్యకుండ్రి. చేస్తే మల్ల లేవది. నడువుండ్రి, మీ ఎనకనే నేనొస్త” అనెను.

వచ్చెను. తన బండిని ఒక పక్క నిలిపి, నా కారులో కూర్చుండి, ఇంజను ఆగకుండ చూచుకొనుచు గంటన్నర సేపు ఉండెను. విమానాశ్రయపు టాక్సీవారికి వేకువ గంటలే సంపాదన గంటలు. ఆ దినపు సంపాదన ఆయన అచ్చటనే విడిచెను.

లోపల జరిగినదానిని గూర్చి ఎక్కువ వ్రాయను. ఆ తల్లి చంకలో ఒక పాత దుప్పటి పెట్టుకొని వచ్చినది. పెట్టె బయటకు వచ్చినప్పుడు కేకలు వేయలేదు. ఆ దుప్పటిని పెట్టెమీద పరచి, నాలుగు మూలలును సరిచేసి, “వానికి చలి ఆగదయ్యా, చిన్నప్పటి సంది” అని నాతో చెప్పెను. నేను ప్రార్థన చేసితిని. ఏమని ప్రార్థించితినో నాకు జ్ఞాపకము లేదు. నేను పది నిమిషములు ఆలస్యముగా చేరితినని ఆమెకు తెలియదు. చేరకయే పోవుటకు ఎంత చేరువలో నుంటినో అంతకన్న తెలియదు.

ఆ యుదయముననే బెంగుళూరు రోడ్డుమీద నున్న మెకానికు యొద్దకు వెళ్లితిమి. అతడు మీటరు పెట్టి చూచెను. నిండుగా నున్న కారు బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపించును. 12కు దిగినదనగా దాదాపు ఉడిగినదన్నమాట. నా బ్యాటరీని కొంతసేపు ఆగి చూచినప్పుడు 12 కూడ లేదు. రాత్రి చలికి పాడైపోయినదా అని నేనడిగితిని. అతడు నవ్వెను.

“చలి ఏం జెయ్యలే అయ్యగారు. చేసింది ఎండకాలం. చలి సూపెట్టింది, గంతే.”

ఈ మాట నేను ఏ వేదాంత పాఠశాలలోను వినలేదు. అతడు చెప్పినదానిని ఇంటికి వచ్చి పుస్తకములలో చదివి సరిచూచుకొంటిని. మీలో కారు లేనివారు ఇది మాకెందుకని పుట త్రిప్పవద్దు. ఇంటిలో ఇన్వర్టరున్నవారికిని, స్కూటరును కిక్కు మరచిపోయి మీటతో లేపువారికిని ఇది పనికివచ్చును.

1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచివాడు కనిపెట్టిన సీసపు బ్యాటరీయే కొద్ది మార్పులతో నేటికిని మన కార్ల ముందు భాగమున కూర్చున్నది. యాసిడ్ నీళ్లలో సీసపు పలకలు. శక్తి నిచ్చునప్పుడు ఆ పలకలమీద సీసపు సల్ఫేటు అను తెల్లని పొర యేర్పడును. మరల శక్తి నెక్కించునప్పుడు ఆ పొర కరగి యాసిడ్‌లో కలిసిపోవును. వేడి ఈ పనినంతటిని త్వరపరచును గనుక ఎండకాలములో బ్యాటరీ చురుకుగానే యుండును, కారు ఒక్క త్రిప్పుకే లేచును. అయితే అదే వేడి పలకల చట్రమును తినివేయును, నీటిని ఆవిరి చేయును. ప్రతి 10 డిగ్రీల వేడికి ఈ అరుగుదల సుమారు రెట్టింపగునని అంచనా. 1966 జూన్‌లో హైదరాబాదులో 45.5 డిగ్రీలు నమోదైనది. ఏ సామాన్యమైన మే మాసములోనైనను 40 దాటును, బానెటు క్రింద ఇంకను ఎంతో ఎక్కువ. కాబట్టి బ్యాటరీ సగము చచ్చునది అది మిక్కిలి బాగుగా పనిచేయుచున్నట్లు మనకు కనబడు దినములలోనే.

తరువాత చలి వచ్చును. ఇంజను నూనె చిక్కబడును, దానిని త్రిప్పుటకు ఎక్కువ బలము కావలెను. బ్యాటరీలోని రసాయనపు పని మందగించును, అది ఇయ్యగలిగిన బలము తగ్గును. అడుగునది ఎక్కువైన గంటలోనే ఇచ్చునది తక్కువగును. సెల్ఫు మోటారు ఆ కొద్ది క్షణములలో 100 ఆంపియర్లకు పైగా లాగును. మంచి బ్యాటరీ నీరు గడ్డకట్టు చలిలో, అనగా 0 డిగ్రీలలో, తన శక్తిలో సుమారు అయిదింట నాలుగు వంతులు నిలుపుకొనును. ఇంకను 18 డిగ్రీలు దిగినప్పుడు గాని సగము కాదు. అట్లయిన మన 12 డిగ్రీలు దానికి ఏమాత్రము? ఆ వేకువను మా వీధిలో తక్కిన కార్లన్నియు లేచినవి. పాలవాని ముసలి వ్యాను కూడ లేచినది.

మునుపటి కార్లకు చేతితో త్రిప్పు హ్యాండిలు ఉండెడిది. 1912లో క్యాడిలాక్ కారునకు చార్లెస్ కెటరింగు సెల్ఫు అమర్చిన తరువాతను, 2014లో తయారీ ఆగిపోయిన మన అంబాసిడరు వరకు, ఆ హ్యాండిలు కొన్ని బండ్లకు తోడుగా వచ్చినది. త్రిప్పువాని భుజమునకు ఇంజను బరువు ఎంతో తెలిసెడిది. ఇప్పటి బండ్లు అరక్షణములో లేచును గనుక బ్యాటరీ బలహీనత కడవరకు మనకు తెలియనే తెలియదు. ఒక దినమున హఠాత్తుగా తెలియును. సౌకర్యములో ఈ కీడు ఒకటి యున్నది.

ఇప్పుడు పేతురునొద్దకు రండి. నేను బాల్యమునుండి విన్న ప్రసంగములన్నిటిలో దోషము ఆ రాత్రిమీదను, ఆ లోగిలిమీదను, ద్వారమునొద్దనున్న ఆ చిన్నదానిమీదను మోపబడెను. ఆమె అడిగినదేమి? నీవును ఆయన శిష్యులలో నొకడవేనా అని ఒక ప్రశ్న. ఆమె చేతిలో కత్తి లేదు, ఆమెకు అధికారము లేదు. ఆమె ప్రశ్న మన 12 డిగ్రీల చలివంటిది. మంచి బలముగల మనుష్యుడు దానిని లెక్కచేయడు. పేతురు అక్కడ పాడైపోలేదు; అక్కడ బయలుపడెను. పాడైనది కొన్ని గంటలకు ముందు, గెత్సేమనే తోటలో. ఒక్క గడియ మెలకువగా నుండలేవా అని ప్రభువు అతనినే పేరుపెట్టి అడుగవలసివచ్చెను. మూడుమార్లు వచ్చి చూచినను నిద్రించుచునే యుండెను. అక్కడ మూడుమార్లు నిద్రించినవాడు ఇక్కడ మూడుమార్లు బొంకెను. ఇంకను వెనుకకు చూచినయెడల, ప్రభువు కొరకు తన ప్రాణము పెట్టుదునని పలికిన ఆ వెచ్చని భోజనపు గదిలోనే అరుగుదల కనబడును. అప్పుడతడు ఒక్క త్రిప్పుకే లేచుచుండెను! కత్తి దూసినప్పుడును అట్లే. వేడిమిని బలమని అతడనుకొనెను. మనమును అనుకొందుము. ఉజ్జీవకూటములలో పాటలు గొప్పగా సాగునప్పుడు, మందిరము నిండినప్పుడు, కానుకలు పెరిగినప్పుడు, సంఘకాపరికి లోపలి పలకలు ఎట్లున్నవో చూచుకొనవలెనని తోచదు. నాకు తోచలేదు.

ఆ మెకానికు ఇంకొక మాట అడిగెను: “రోజు ఎంత దూరం నడుపుతరు?” ఇంటినుండి మందిరమునకును, మందిరమునుండి బజారునకును, ఒకటి రెండు కిలోమీటర్లు, అంతే. అతడు తల ఊపెను. ప్రతిమారు లేచుటకు బ్యాటరీ ఇచ్చిన బలమును ఆ కొద్ది దూరములో ఆల్టర్నేటరు తిరిగి నింపలేదట. దినదినము కొంచెము ఇచ్చి, అంతకన్న తక్కువ పుచ్చుకొని, ఎప్పుడును నిండక, సగము ఖాళీగా నిలిచిన బ్యాటరీలో ఆ తెల్లని సల్ఫేటు పొర కరుగక అట్లే యుండి రాయివలె గట్టిపడును. మెత్తగా నున్నప్పుడు ఒక మంచి ప్రయాణముతో కరిగెడిది, గట్టిపడిన తరువాత ఎంత శక్తి నెక్కించినను కరగదు. వారు దీనిని సల్ఫేషన్ అందురు.

అతడు ఆ మాట చెప్పుచుండగా నేను పక్కన నిలిచిన నా పొరుగువాని ముఖము చూడలేకపోతిని. ప్రతి వైరునకు ఒక వచనము తగిలించు బోధకులు నాకు ఇష్టము లేదు. అట్టి బోధ వినువారికి వైరును అర్థము కాదు, వచనమును అర్థము కాదు. గాని ఈ ఒక్కచోట నేను తప్పించుకొనలేకపోతిని. పొద్దు గ్రుంకకమునుపు అని అపొస్తలుడు గడువు పెట్టుటలో నున్న జ్ఞానము నాకప్పుడు తెలిసినది. కోపము వచ్చుట ఆశ్చర్యము కాదు. మనుష్యులతో వ్యవహరించు ప్రతి దినమున కొంత పొర యేర్పడుచునే యుండును. ఆ సాయంకాలము రోడ్డు దాటి రెండు మాటలు పలికినయెడల కరిగెడిది. నేను దానిని రెండు సంవత్సరములు నిలువచేసితిని. నా ప్రార్థనలును ఆ దినములలో ఒక కిలోమీటరు ప్రయాణములే. ప్రసంగమునకు ముందు ఒకటి, భోజనమునకు ముందు ఒకటి.

అయితే బ్యాటరీకి లేని నిరీక్షణ మనకున్నది. గట్టిపడిన పలకలను మెకానికు బాగుచేయలేడు. ప్రభువు చేయును. ఆయన ఎట్లు చేసెనో చూడుడి. బొగ్గుల నిప్పు అను అర్థముగల గ్రీకు మాట క్రొత్త నిబంధనలో రెండే చోట్ల కలదు, రెండును యోహాను సువార్తలోనే. ఒకటి పేతురు బొంకిన లోగిలిలో. రెండవది తిబెరియ సముద్రతీరమున, రాత్రియంతయు పట్టుబడిన చేప లేక, ఈదుకొని వచ్చి తడిసిన బట్టలతో నిలిచిన పేతురు యెదుట. ఈ నిప్పును బంట్రౌతులు రాజవేయలేదు, ప్రభువే రాజవేసెను. దానిమీద చేపలును రొట్టెయు ఉంచి పిలిచెను. లోగిలి మాట వెంటనే ఎత్తలేదు. మొదట కాచుకొననిచ్చెను, తిననిచ్చెను. భోజనమైన పిమ్మటనే ప్రశ్న వచ్చెను, అదియు మూడుమార్లు. మూడవమారు పేతురు నొచ్చుకొనెను. ఒక్కమారు అడిగి విడిచినయెడల సుఖముగా నుండెడిది. కాని ఒక్కమారు లేచిన ఇంజను చాలదు, ఆగకుండ కొంతదూరము నడువవలెను.

ఇక్కడ కొందరు నన్నడుగుదురు: పదిమంది కన్యకల ఉపమానములో బుద్ధిగలవారు తమ నూనెను తక్కినవారికి పంచలేదే, మరి నీ పొరుగువాడు తన బ్యాటరీనుండి ఎట్లు పంచెను? మంచి ప్రశ్న. గలతీయులకు వ్రాయబడిన పత్రిక ఆరవ అధ్యాయములో, రెండవ వచనమున ఒకరి బరువు ఒకరు మోయవలెనని పౌలు చెప్పి, అయిదవ వచనమున ఎవని బరువు వాడే మోయునని చెప్పుచున్నాడు. నడుమ రెండే వచనములు. యౌవనములో ఇది పొంతన లేని మాటయని నేను కలవరపడితిని. ఆ వేకువ రెండును నిజమని చూచితిని. పొరుగువాని తీగె నా ఇంజనును లేపెను. అది లేకున్న నేను కదలను. తీగె విప్పిన తరువాత నా బ్యాటరీ అంతకుముందువలెనే ఖాళీగానే యుండెను. దానిని ఆయన నింపలేడు. మన సంఘములో ఈ రెంటిలో ఒకదానినే పట్టుకొన్నవారున్నారు. పడిపోయినవానిని చూచి ఎవని బరువు వానిదేయని పక్కనుండి పోవువారు కొందరు. ప్రతి ఆదివారము మరియొకరి తీగెతో లేచి, ఇల్లు చేరకముందే ఆగిపోయి, మరల తీగె కొరకు చూచువారు కొందరు. మొదటివారికన్న రెండవవారిని గూర్చియే నేను ఎక్కువగా దుఃఖపడుచుంటిని. ఇప్పుడు మొదటివారిని గూర్చి ఎక్కువ భయపడుచున్నాను, వారిలో నేనుంటిని గనుక.

తిరిగినప్పుడు సహోదరులను బలపరచుమని ప్రభువు పేతురుతో ముందుగానే చెప్పియుండెను, అతడు పడకముందే. లూకా సువార్త 22వ అధ్యాయములో చూడుడి. కేబుళ్లు ఎల్లప్పుడు బండిలో పెట్టుకొని తిరుగువాడు ఒకప్పుడు తానును రోడ్డుమీద నిలిచిపోయినవాడై యుండవలెను.

నేను ఆ దినమే క్రొత్త బ్యాటరీ వేయించితిని. పాతదానిని దుకాణమువారు తీసికొని కొంత సొమ్ము తగ్గించిరి. దానిలోని సీసమును కరగించి మరల పలకలు పోయుదురట. మరి రెండు దినములకు సాయంకాలమున, పొద్దు ఇంకను గ్రుంకకముందు, నేను రోడ్డు దాటి ఆయన యింటికి వెళ్లితిని. ఈమారు తలుపు తట్టితిని. ఆ ఆదివారము పదిమంది యెదుట నేను పలికిన మాట తప్పని చెప్పితిని. ఆ సంగతి ఎప్పుడో మరచిపోతినని ఆయన చెప్పునని లోలోపల ఆశించితిని. అట్లు చెప్పుట మన వాడుక గదా.

ఆయన అట్లు చెప్పలేదు. “యాదికే ఉన్నది అన్నా. రెండేండ్ల సంది మర్వలే. గని ఆ పొద్దు మీ బండి మూలుగుడు ఇంటాంటె పండబుద్ధి గాలే” అనెను. పిమ్మట లోపలికి తిరిగి, రెండు చాయలు పెట్టుమని కేక వేసెను.